ఈగల బిస్కెట్

పొద్దున్నుంచీ ముసురే. ఉతికిన బట్టలు ఆరక రేడియేటర్ మీద వేలాడుతున్నాయి, బయటికి వెళ్లే పనీ లేదు, నాలుగింటికి టీ పెట్టి నిన్న కొన్న గారిబాల్డీ బిస్కెట్ల ప్యాకెట్ విప్పాను. అమ్మ ఒకటి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏమే, ఇందులో ఈగలు పడ్డాయేంటి?" అంది. నాకు నవ్వాగలేదు. ఇక్కడ ఇంగ్లండ్‌లో పిల్లలు దీన్ని పిలిచేదే నలిగిన ఈగల బిస్కెట్ అని, ఆ సంగతి అమ్మకి ఎవరూ చెప్పలేదు మరి!

ఈగలు కావమ్మా, చిన్న నల్ల ఎండుద్రాక్ష. పల్చటి రెండు పిండి పొరల మధ్య వేసి రోలర్ కింద నొక్కేస్తారు, అందుకే చితికి నల్లగా పైకి కనిపిస్తాయి. బిస్కెట్లు పట్టీలా అతుక్కుని ఉంటాయి, గాటు దగ్గర విరుచుకోవాలి. నేను విరిస్తే మాత్రం గాటు వదిలేసి ఎప్పుడూ పక్కనే విరుగుతుంది.

పేరు ఇటలీ వీరుడు గారిబాల్డీది. 1861లో లండన్‌లోనే, బెర్మాండ్సీలో ఉన్న పీక్ ఫ్రీన్ కంపెనీ వాళ్లు మొదలుపెట్టారు. అంతకుముందు ఏడాదే ఆయన వెయ్యిమందితో సిసిలీలో దిగి, నేపుల్స్ దాకా వెళ్లి అక్కడి బోర్బన్ వంశపు రాజుని గద్దె దింపాడు, ఇంగ్లండ్ జనానికి ఆయనంటే పిచ్చి అభిమానం. తమాషా ఏంటంటే, 1910లో అదే కంపెనీ చేసిన చాక్లెట్ బిస్కెట్‌కి ఆ ఓడిపోయిన వంశం పేరే వచ్చింది. చిన్నప్పుడు మనం విడదీసి మధ్య క్రీమ్ నాకేసి, పెచ్చులు తర్వాత తిన్న బోర్బన్ అదే!

"షుగరున్నదాన్ని, తినొచ్చా?" అంది అమ్మ. ప్యాకెట్ తిప్పి చూశాను. ఒక్కోటి సుమారు 40 కేలరీలు, డైజెస్టివ్ అయితే 70 దాకా ఉంటుంది. కొవ్వు కూడా డైజెస్టివ్‌లో సగమే. కానీ బిస్కెట్ బరువులో మూడో వంతు పైనే చక్కెర, అందులో ఆ ద్రాక్ష వాటా తక్కువేం కాదు. పండు ఉంది కదా అని మంచిదనుకుంటే దెబ్బతింటాం. ఒకటితో ఆపమన్నాను.

రాత్రి డబ్బా తీస్తే నాలుగు తక్కువున్నాయి. అడిగితే, "నువ్వు విరగ్గొట్టిన ముక్కలేనే, వాటికీ లెక్కేనా" అంది.