పాత హెచ్‌ఎంటీ పైలట్: వెతకడం నుంచి చేతికి పెట్టుకునేదాకా నా అనుభవం

పాత హెచ్‌ఎంటీ వాచీ కొనేటప్పుడు నేను మొదట చూసేది డయల్, ఆఖర్న చూసేది మిషన్, అంటే లోపలి యంత్రం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్‌టిక్ వినిపించిందా, చాలు, బేరం కుదిరిపోతుంది. ఆగిపోయిన మిషన్‌ని మళ్ళీ నడిపించొచ్చు. జనతా, పైలట్, కోహినూర్ లాంటి కీ ఇచ్చే మోడళ్ళలో ఎక్కువగా 0231 అనే మిషనే ఉంటుంది కాబట్టి ఒకదాని చక్రం తీసి ఇంకోదానికి వేయొచ్చు. లక్షల్లో తయారైన మిషన్ కావడం వల్ల విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. డయల్ సంగతి అలా కాదు. ఫ్యాక్టరీ అచ్చు వేసిన డయల్‌ని గీకేసి కొత్త రంగు పూశాక పాతది తిరిగి రాదు. అలాంటి వాచీ ఎంత బాగా నడిచినా నా పెట్టెలో దానికి చోటు లేదు.

నేను ఎంచుకున్నది పైలట్. నల్లటి డయల్, దాని మీద పెద్ద అంకెలు, చీకట్లో కనబడేలా పూత వేసిన ముళ్ళు. కేసు సుమారు 35 మిల్లీమీటర్లు, బెల్టు వెడల్పు 18. ఈ కాలపు పెద్ద వాచీలు అలవాటైన చేతికి మొదట చిన్నదిగా తోస్తుంది కానీ, సన్నటి మణికట్టుకి ఇంతకన్నా చక్కగా అమరే వాచీ దొరకదు. కాంచన్ లాంటి, చేతి కదలికకే కీ చుట్టుకునే ఆటోమేటిక్‌లు కూడా అందంగానే ఉంటాయి. అయితే వాటిలో వారం, తేదీ చక్రాలు, ఆ కీ చుట్టే తిరుగుడు బిళ్ళ (రోటర్) అదనం. అరిగే భాగాలు ఎక్కువ, బాగుచేసే ఖర్చూ ఎక్కువ. మొదటిసారి కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: కీ ఇచ్చే వాచీ, తేదీ లేనిది తీసుకోండి.

హెచ్‌ఎంటీ (హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అనే ప్రభుత్వ సంస్థ) 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. ఎప్పుడు, ఎక్కడ తయారైందో గుర్తుంటే అమ్మేవాళ్ళ మాటలు కొన్ని తేలిగ్గా తూచొచ్చు. "హైదరాబాద్ ఫ్యాక్టరీలో చేసిన వాచీ" అని ఎవరైనా అంటే నమ్మకండి. హైదరాబాద్ హెచ్‌ఎంటీలో తయారైనవి మెషిన్ టూల్స్, వాచీలు కావు. అలాగని చూడ్డానికి కొత్తగా ఉన్న ప్రతి పైలట్‌నీ నకిలీ అనలేం. పైలట్ ఎన్నో ఏళ్ళు తయారైంది, వాడకుండా మిగిలిన అసలు సరుకూ ఉంది. విడిభాగాలు కూర్చి "డబ్బా తెరవని స్టాక్" అని అమ్మేవి అంతకంటే ఎక్కువ.

ఆ పేరుకి ఒకప్పుడు ఎంత విలువ ఉండేదో చెప్పడానికి మన వంటింట్లోని హెచ్‌ఎంటీ బియ్యమే సాక్ష్యం. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తాను ఎంపిక చేసి పెంచిన వరి రకానికి ఈ వాచీ పేరే పెట్టాడు. మన పెళ్ళిళ్ళలో అల్లుడికి సైకిలు, రేడియోతో పాటు వాచీ పెట్టిన కాలం కూడా అదే. కాబట్టి మంచి హెచ్‌ఎంటీ దొరికే మొదటి చోటు ఇంట్లో తాతగారి బీరువా, మేనమామగారి సొరుగు. అక్కడ దొరికింది గీతలు పడి ఉండొచ్చు, ఆగిపోయి ఉండొచ్చు. డయల్ మాత్రం చాలావరకు అసలుదే అయి ఉంటుంది. అది కుదరకపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్ ఉన్నాయి. ఆ తర్వాతే ఆన్‌లైన్.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నాలుగు ఫొటోలు అడుగుతాను: డయల్‌కి ఎదురుగా తీసినది, కీ ఉన్న పక్క నుంచి, వెనక మూత, మూత తీశాక మిషన్. ఇవి పంపనంటే ఆ బేరం అక్కడితో ఆపేస్తాను. డయల్ ఫొటోని పెద్దది చేసి అక్షరాల అంచులు చూస్తాను. ఫ్యాక్టరీ అచ్చు పదునుగా, సన్నగా ఉంటుంది. తర్వాత వేసిన అచ్చులో సిరా పొంగి అక్షరాల మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. నిమిషాల గీతలు గంటల గుర్తులకి ఎదురుగా రాకుండా కాస్త పక్కకి జరిగి ఉంటాయి. ఎరుపు, నారింజ రంగు పైలట్‌లు, డయల్ నిండా సైన్యం ముద్రలు, విమానాల బొమ్మలు ఉన్నవి దాదాపుగా బయట అచ్చు వేసినవే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, వాటిని అలాగే చెప్పి అమ్మితే తప్పులేదు. 1970ల నాటి అసలు వాచీ అని చెప్పి అమ్మడమే అన్యాయం.

వాచీ చేతికొచ్చాక పది రెట్ల భూతద్దం కింద మళ్ళీ చూడాలి. ముళ్ళ కొలత ముఖ్యం. నిమిషాల ముల్లు నిమిషాల గీతల దాకా చేరాలి, గంటల ముల్లు అంకెల లోపలి అంచు దాకా రావాలి. పొట్టిగా ఉంటే వేరే మోడల్‌వి తెచ్చి పెట్టారన్నమాట. డయల్ మీది పూత, ముళ్ళ మీది పూత ఒకే రంగులో ముదిరి ఉండాలి. నలభై ఏళ్ళ నాటిదంటున్న వాచీ చీకట్లో దేదీప్యమానంగా వెలిగితే ఆ పూత ఈమధ్య వేసిందే. ఇంకో పరీక్ష ఉంది. కీ లాగి ముళ్ళు తిప్పుతున్నప్పుడు డయల్ ఏమాత్రం కదలకూడదు. డయల్ వెనక రెండు చిన్న కాళ్ళుంటాయి, అవి మిషన్‌లో దిగి బిగుసుకుంటాయి. కాళ్ళు విరిగినదాన్నో, సరిపోని డయల్‌నో జిగురుతో అంటిస్తే కాస్త కాస్త జరుగుతూ ఉంటుంది.

కేసు విషయంలో నేను కొంత సర్దుకుంటాను. క్రోమ్ పూసిన ఇత్తడి కేసుల్లో బెల్టు తగిలే కొమ్ముల దగ్గర పూత పోయి పసుపు రంగు బయటపడుతుంది. మన చెమటకి అది సహజం. కొత్తగా పాలిష్ పట్టి క్రోమ్ ఎక్కించిన కేసులో అంచులు అరిగి గుండ్రంగా అయిపోతాయి. దానికన్నా పూత పోయినదే నాకు ఇష్టం. కేసు లోపలి వైపు తుప్పు గుంటలు పడి ఉంటే మాత్రం వదిలేయాలి, మూత ఇక బిగుతుగా కూర్చోదు.

ఇప్పుడు మిషన్. వాచీని చేతి నుంచి తీసి, రెండు వేళ్ళతో నిదానంగా కీ ఇవ్వాలి. ఇరవై, ముప్పై చుట్ల మధ్య ఎక్కడో గట్టిగా తగులుతుంది, అక్కడ ఆపేయాలి. ఎంత తిప్పినా ఆ గట్టిదనం తగలకపోతే వాచీని నడిపించే మెయిన్ స్ప్రింగ్ తెగిందని, లేదా దాని కొస దాన్ని చుట్టి ఉంచే డబ్బీలో పట్టుకోవడం లేదని అర్థం. తిప్పి వదలగానే కీ వెనక్కి తిరిగిపోతే, దాన్ని ఆపి ఉంచే క్లిక్ స్ప్రింగ్ పోయింది. లాగగానే కీ మొత్తం ఊడి చేతిలోకి వస్తే, కీ కాడని పట్టి ఉంచే సెట్టింగ్ లీవర్ స్క్రూ వదులైంది. అది చిన్న పని. మిషన్ చక్కగా కొట్టుకుంటున్నా ముళ్ళు వెనకబడుతుంటే, ముళ్ళు పట్టుకునే కానన్ పినియన్ వదులైందన్నమాట. ఇవన్నీ బాగయ్యేవే. బేరంలో ధర తగ్గించుకోవడానికి పనికొస్తాయి కూడా.

టైమ్‌గ్రాఫర్ (టిక్‌టిక్ శబ్దం విని వేగం కొలిచే యంత్రం) ఉంటే అసలు సంగతి తెలుస్తుంది. 0231 గంటకి 18,000 సార్లు, అంటే సెకనుకి ఐదు సార్లు కొట్టుకుంటుంది. యంత్రాన్ని ఆ లెక్కకి పెట్టి, వాచీకి నిండా కీ ఇచ్చి, కాసేపు ఆగి చూడాలి. డయల్ పైకి ఉన్నప్పుడు ఆంప్లిట్యూడ్ (అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం తిరుగుతోందో చెప్పే కోణం) 250 డిగ్రీలు దాటితే ఈ పాత మిషన్‌కి ఆరోగ్యం బాగున్నట్టే. 200 లోపు ఉంటే లోపల నూనె ఎండిపోయి ఉంటుంది. బీట్ ఎర్రర్ (ఆ చక్రం అటు ఊగే సమయానికీ ఇటు ఊగే సమయానికీ ఉన్న తేడా) 1 మిల్లీసెకను లోపు ఉంటే దాన్ని అలాగే ఉంచేయమంటాను. దాన్ని ఇంకా తగ్గించాలంటే బ్యాలెన్స్‌ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగ్‌ని ముట్టుకోవాలి, అందులో లాభం కన్నా ప్రమాదం ఎక్కువ. డయల్ పైకి పెట్టినప్పటికీ కిందికి పెట్టినప్పటికీ ఆంప్లిట్యూడ్‌లో పెద్ద తేడా వస్తే బ్యాలెన్స్ స్టాఫ్ (ఆ చక్రం ఇరుసు) ఒక కొస అరిగిందనో వంగిందనో అనుమానించాలి. టైమ్‌గ్రాఫర్ లేనివాళ్ళు ఫోన్ యాప్‌తో వేగం వరకు కొలవొచ్చు. యాప్ చూపించే ఆంప్లిట్యూడ్‌ని నమ్ముకోవద్దు.

రోజుకి కొన్ని నిమిషాల చొప్పున ఫాస్ట్ నడుస్తుంటే మొదటి అనుమానం అయస్కాంతం మీద. హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే దాని పనిచేసే పొడవు తగ్గి వాచీ పరుగెత్తుతుంది. పక్కన దిక్సూచి పెట్టి చూస్తే దాని ముల్లు కదులుతుంది. అయస్కాంతాన్ని పోగొట్టే డీమాగ్నటైజర్ మీట నొక్కి ఉంచి, వాచీని మెల్లగా చేయి చాచినంత దూరం తీసుకెళ్ళి, అప్పుడే మీట వదలాలి. దగ్గరుండగానే వదిలితే అయస్కాంతం మళ్ళీ పట్టుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే చుట్ల మీదికి నూనె చేరి ఉండొచ్చు. అది సర్వీసింగ్‌లోనే పోతుంది.

సర్వీసింగ్ దగ్గరే మంచి వాచీలు ఎక్కువగా పాడవుతాయి. మిషన్‌ని విప్పకుండా పెట్రోల్‌లో ముంచి, ఆరబెట్టి, నాలుగు చుక్కల నూనె వేసి ఇచ్చే పద్ధతి చాలా చోట్ల ఉంది. వాచీ ఆ రోజుకి నడుస్తుంది. కరిగిన మురికి మాత్రం ఇరుసులు తిరిగే జ్యూయెల్ రాళ్ళ రంధ్రాల్లోకి దిగి అక్కడే గట్టిపడుతుంది. కొన్ని నెలలకి మళ్ళీ ఆగుతుంది, ఈసారి స్టాఫ్ కొసలు కూడా అరిగి ఉంటాయి. అందుకే ఇచ్చే ముందే మెకానిక్‌తో కూర్చుని మాట్లాడతాను. "అన్నా, పూర్తిగా విప్పి చేస్తావా, మెయిన్ స్ప్రింగ్ డబ్బీ కూడా తెరుస్తావా, ఏ నూనె వేస్తావు?" అని అడిగితే, పని తెలిసినవాళ్ళు సంతోషంగా సీసాలు తీసి చూపిస్తారు.

నేను కోరే పని ఇదీ. భాగాలన్నీ విడదీసి కడగాలి, జ్యూయెల్ రంధ్రాలని మొన తీసిన పుల్లతో తుడవాలి. బ్యాలెన్స్ ఇరుసుని దెబ్బల నుంచి కాపాడే పారాషాక్ మూతలు కూడా తీసి శుభ్రం చేయాలి. బ్యాలెన్స్, ఎస్కేప్ చక్రం లాంటి వేగంగా తిరిగేవాటికి మోబియస్ కంపెనీ 9010 లాంటి పల్చటి నూనె, మెల్లగా తిరిగే పెద్ద చక్రాలకి చిక్కటి నూనె. ఎస్కేప్ చక్రాన్ని ఆపి వదిలే ప్యాలెట్ రాళ్ళ అంచులకి మోబియస్ 9415 కొద్దిగా. ఆ రాళ్ళు బిగించిన ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకి మాత్రం ఏ నూనే వద్దు. అక్కడ నూనె వేస్తే జిగురై ఆంప్లిట్యూడ్ పడిపోతుంది. మెయిన్ స్ప్రింగ్ తీసి బల్ల మీద పెట్టినప్పుడు బాగా విచ్చుకోకుండా ముడుచుకునే ఉంటే బలం అయిపోయినట్టే, మార్చేయాలి. డయల్‌ని మాత్రం తుడవొద్దని రెండుసార్లు చెబుతాను. గాలి బల్బుతో దుమ్ము ఊదితే చాలు. తడిగుడ్డ తగిలిందంటే అచ్చు లేచిపోతుంది. తీసేసిన పాత భాగాలు తిరిగి ఇమ్మని కూడా అడగాలి.

నా పైలట్ గ్లాసు మీద సన్నటి గీతలుండేవి. ఇది యాక్రిలిక్ గ్లాసు కాబట్టి ఇంట్లోనే పోగొట్టొచ్చు. చుట్టూ కేసుకి టేపు అంటించి, పాలీవాచ్ లాంటి పాలిష్ పేస్టు బఠాణీ గింజంత వేసి, దూదితో రెండు మూడు నిమిషాలు రుద్దాలి. గోరుకి తగిలేంత లోతు గీతకి ముందు 1000, తర్వాత 2000 నంబరు ఎమరీ కాగితం తడిపి రుద్ది, ఆఖర్న పేస్టు పెట్టాలి. పగులు ఉన్న గ్లాసుని రుద్దొద్దు, మార్పించడమే మేలు.

సర్వీసింగ్ అయి వచ్చాక వేగం సరిచేయించడానికి తొందరపడను. నూనె కుదురుకునేదాకా కొన్ని రోజులు నడవనిచ్చి, డయల్ పైకి, డయల్ కిందికి, కీ కిందికి పెట్టి కొలుస్తాను. మూడింటి మధ్య తేడా తక్కువగా ఉండడం నాకు ముఖ్యం. రోజుకి ఇరవై, ముప్పై సెకన్ల తేడా ఈ వాచీకి న్యాయమైనదే. స్థిరంగా ఫాస్ట్ నడిచేదాన్ని వేగాన్ని సరిచేసే రెగ్యులేటర్ ముల్లు వెంట్రుకవాసి జరిపి దారిలోకి తెచ్చుకోవచ్చు. ఒక రోజు ఫాస్ట్, ఒక రోజు స్లో నడిచేదాన్ని తిరిగి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

వాడకంలో పెద్ద శత్రువు చెమట. ఈ వాచీలోకి నీళ్ళు సులువుగా దిగుతాయని అనుకుని మసలుకోవాలి. వేసవిలో తోలు బెల్టు తీసేసి 18 మిల్లీమీటర్ల నైలాన్ బెల్టు వేస్తాను. అది వాచీ వెనక నుంచి పోతుంది కాబట్టి చెమట నేరుగా మూతకి తగలదు, ఒక పిన్ను ఊడినా వాచీ కింద పడదు. రాత్రి తీశాక వెనక మూతని పొడిగుడ్డతో తుడుస్తాను. ఉదయం ఒకే వేళకి కీ ఇస్తాను, అదీ చేతికి పెట్టుకోకముందే. చేతికి ఉండగా కీ ఇస్తే ఇరుసు మీద పక్కవాటంగా బలం పడి వంగుతుంది. వాడని వాచీలు మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంటాయి. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్లు, స్పీకర్లు ఆ దరిదాపుల్లో ఉండవు.

వీలైతే డయల్ పాడైన 0231 వాచీ ఇంకొకటి చవగ్గా కొని పక్కన పెట్టుకోండి. బ్యాలెన్స్, కీ కాడ, క్లిక్ స్ప్రింగ్, ప్యాలెట్ ఫోర్క్ అన్నీ దాంట్లోంచే తీసుకోవచ్చు. అది కొనేటప్పుడు మాత్రం డయల్ చూడక్కర్లేదు. మిషన్ మీది నంబరు 0231 అవునో కాదో, బ్యాలెన్స్ స్వేచ్ఛగా ఊగుతోందో లేదో చూసుకుంటే సరిపోతుంది.