పెద్ద పేరున్న కాలేజీని వదిలి స్కాలర్‌షిప్ ఇచ్చిన కాలేజీకి: మా అమ్మాయి అడ్మిషన్ అనుభవం

మేం ఉండేది న్యూజెర్సీలో. మా అమ్మాయి పన్నెండో గ్రేడ్‌కి వచ్చేసరికి తెలిసినవాళ్లు ఎవరు కలిసినా ఐవీ లీగ్ మాటే, అంటే హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పేరున్న యూనివర్సిటీలు. ఆ ఎనిమిది యూనివర్సిటీల్లో దేనిలోనూ మెరిట్ స్కాలర్‌షిప్ ఉండదు, ఇచ్చేదంతా ఇంటి ఆదాయం, ఆస్తులు చూసే ఇస్తారు. భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం కాబట్టి మాకు ఆ సాయం పెద్దగా రాదు, అలాగని ఏడాదికి తొంభై వేల డాలర్లు కట్టే స్తోమతా లేదు.

అందుకే అప్లై చేయకముందే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోను మనం ఎంత కట్టాల్సి వస్తుందో అంచనా చెప్పేది) నింపి చూసుకున్నాం. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది, కామన్ డేటా సెట్. చాలా కాలేజీలు ఏటా పెట్టే ఆ ఫైల్‌లో హెచ్2ఏ అనే భాగం తీస్తే, ఆర్థిక అవసరం లేదని తేల్చిన పిల్లల్లో ఎంతమందికి స్కాలర్‌షిప్ ఇచ్చారో, సగటున ఎంత ఇచ్చారో ఉంటుంది. అక్కడ సున్నా కనిపిస్తే ఇక ఆ కాలేజీ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఒక పెద్ద పేరున్న ప్రైవేట్ కాలేజీలో సీటు వచ్చింది, ఎంత ఆర్థిక సాయం ఇస్తారో చెప్పే అవార్డ్ లెటర్ కూడా వచ్చింది. తీరా చూస్తే అందులో 5,500 డాలర్లు ఫెడరల్ లోన్, దాని కింద మా పేరు మీద తీసుకోవాల్సిన పేరెంట్ ప్లస్ లోన్! అప్పుని కూడా సాయం కింద కలిపి మొత్తం వేసేశారు. ఆ లెటర్ వస్తే ముందు తిరిగి కట్టక్కర్లేని గ్రాంట్ ఎంత, లోన్ ఎంత అని పెన్నుతో విడగొట్టండి.

అలబామా యూనివర్సిటీ అయితే జీపీఏ (స్కూల్ గ్రేడ్‌ల సగటు), శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు బట్టి ఎంత వస్తుందో ముందే పట్టిక వేసి పెడుతుంది, బయటి రాష్ట్రం పిల్లలకు కూడా. మాకు ఫీజులో చాలా భాగం తగ్గింది. "నాన్నా, నేను ఎలాగూ డిగ్రీ తర్వాత మెడిసిన్‌కి వెళ్తాను కదా, ఆ డబ్బు అప్పటికి ఉంచండి" అంది మా అమ్మాయి. వాళ్లమ్మకి మాత్రం అంత దూరం పంపడం ఇష్టం లేదు, క్యాంపస్ తిరిగి చూసి, అక్కడ బాగా చదివే పిల్లల కోసం ఉన్న ఆనర్స్ కాలేజీ పిల్లలతో మాట్లాడాకే ఒప్పుకుంది.

మే 1లోపు డిపాజిట్ కట్టాలి కాబట్టి స్కాలర్‌షిప్ ఏటా కొనసాగడానికి ఎంత జీపీఏ ఉండాలో ఆలోపే కనుక్కోండి, మా అమ్మాయికి 3.0. స్కాలర్‌షిప్ గడువు చాలాచోట్ల మామూలు అప్లికేషన్ గడువు కంటే ముందే అయిపోతుంది, ఇప్పుడు పదకొండో గ్రేడ్‌లో పిల్లలున్నవాళ్లు ఆ తేదీలు ఈ వేసవిలోనే రాసి పెట్టుకోండి.