పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను సున్నంతో పట్టడం: నా అనుభవం

వరంగల్‌లో చిన్న ట్యూబ్ ఫర్నేస్ (గొట్టం చుట్టూ వేడెక్కే కరెంటు కొలిమి) మీద చేసిన పని ఇది. సూత్రం మన సున్నపు బట్టీలదే. రాయి కాలితే వాయువు పోయి సున్నం మిగులుతుంది. అదే సున్నానికి 650 డిగ్రీల దగ్గర పొగ తగిలితే వాయువును పట్టి మళ్లీ రాయవుతుంది. 56 గ్రాముల సున్నం 44 గ్రాములు పట్టాలి. కాగితం మీద మాత్రమే.

ముందు రాయి సంగతి. మంచిర్యాల, పెద్దపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల పుణ్యమా అని సున్నపురాయికి కొదవ లేదు. కానీ సిమెంటుకు సరిపోయే రాయి దీనికీ సరిపోతుందని అనుకోవద్దు. అందులోని సిలికా, బంకమన్ను వేడికి సున్నంతో కలిసి సిలికేట్లవుతాయి, ఆ సున్నం ఇక మనది కాదు. అందుకే 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన రాయి 10 గ్రాములు కాల్చి తూచాలి. మేలిమి రాయైతే 5.6కి దిగుతుంది. 6.3 దగ్గరే ఆగితే కార్బొనేట్ 84 శాతమే. తూకం త్వరగా ముగించాలి. వానాకాలం బయట ఉంచిన సున్నం కళ్లముందే తేమ తాగి బరువెక్కుతుంది.

300, 600 మైక్రాన్ల జల్లెడల మధ్య నిలిచిన గింజలే వాడాను. మెత్తటి పొడి కలిస్తే దారి పూడుకుపోతుంది, రోటామీటర్ (వాయు ప్రవాహం కొలిచే గాజు గొట్టం) బొడిపె మెల్లగా కిందికి జారుతుంది. క్వార్ట్జ్ గొట్టానికి సున్నం నేరుగా తగలనివ్వకండి. 900 దగ్గర తగిలిన చోటల్లా తెల్లబారి పగులుతుంది. మధ్యలో అల్యూమినా (వేడిని తట్టుకునే పింగాణీ లాంటిది) వాడాలి.

థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) మొన సున్నం నడుమ ఉండాలి, కొలిమి గోడకు కాదు. వాయువును పట్టేటప్పుడు సున్నం తనంతట తానే వేడెక్కుతుంది. సమతౌల్యం, అంటే సున్నం ఇక పట్టలేక పొగలో వదిలేసే కార్బన్ డయాక్సైడ్, 650 దగ్గర సుమారు 1 శాతం, 750 దగ్గర దాదాపు 9 శాతం. అంటే లోపల 750కి ఎక్కితే 15 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పొగను 9 కంటే కిందికి దించలేం. ఇది తెలియక నేను చాలాసేపు సున్నాన్నే తిట్టాను.

15 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతాది నైట్రోజన్, నిమిషానికి 500 మిల్లీలీటర్లు వదిలాను. 5.6 గ్రాముల సున్నం 70 శాతం పనిచేస్తే పట్టేది 3 గ్రాములు, అంటే 23 నిమిషాల వాయువు. చివర్లో పట్టు నెమ్మదిస్తుంది కనుక బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే మీటరు అంతకుముందే లేస్తుంది. మొదటి రెండు నిమిషాల్లోనే లేస్తే మాత్రం వాయువు గోడ వెంట జారిపోతున్నట్టే. లీకు ఉందేమో గొట్టం కీళ్ల దగ్గర సబ్బు నురగ పూసి చూడండి. బయటి గొట్టాన్ని సున్నపు తేటలో ముంచితే, పట్టినంతసేపూ పాలరంగు ఆలస్యంగా తిరుగుతుంది. ఇంతకంటే చవకైన సాక్షి లేదు.

పట్టిన వాయువును విడిపించి సున్నాన్ని మళ్లీ వాడాలంటే దాన్ని తిరిగి కాల్చాలి. అసలు మోసం ఆ కాల్చడంలో ఉంది. 850 దగ్గర నైట్రోజన్ వదిలి కాలిస్తే అంకెలు ముచ్చటగా వస్తాయి. కానీ నిజం ప్లాంటులో బయటికి రావాల్సింది శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్, కాబట్టి ఆ వాయువులోనే 900 పైన కాల్చాలి. అక్కడ గింజలోని సన్నటి రంధ్రాలు అతుక్కుపోతాయి. పరిశోధకులు గ్రాసా, అబనాదెస్‌ల 2006 సమీకరణం ప్రకారం మొదటి చుట్టులో (ఒకసారి పట్టి, ఒకసారి కాల్చితే ఒక చుట్టు) 70 శాతం పట్టేది పదో చుట్టుకు 23, ఇరవైకి 16, చివరికి 7–8 దగ్గర నిలుస్తుంది. ఎవరైనా ఫలితం చూపిస్తే నా మొదటి ప్రశ్న ఒకటే: ఏ వాయువులో కాల్చారు?

గంధకం మరో తలనొప్పి. సింగరేణి బొగ్గులో అది తక్కువే, బూడిద ఎక్కువ. అయినా ఉన్న కొంచెమూ కాల్షియం సల్ఫేటుగా రంధ్రాల మూతి మూసేస్తుంది, 900 దగ్గర తిరిగి విడవదు.

అలసిన సున్నాన్ని నీటి ఆవిరితో చల్లార్చితే రంధ్రాలు మళ్లీ తెరుచుకుంటాయి. బదులుగా గింజ పిండవుతుంది, వాయువులోంచి గింజల్ని వేరుచేసే సైక్లోన్‌లోంచి ఎగిరిపోతుంది. అందుకే రోజూ కొంత తీసి కొత్త రాయి వేయాలి. తీసిన పిండిని పారబోయకండి, సిమెంటు ముడిసరుకులో కలుపుకోవచ్చు.