రోళ్లపాడు బీడులో ఒక సాయంత్రం

డిసెంబరులో కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా రోళ్లపాడు వెళ్లాను. గడ్డినేలల్లో బతికే పెద్ద పక్షి బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) అక్కడ ఏళ్లుగా కనబడడం లేదని తెలుసు. దాని కోసమే 1988లో 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. ఆ పిట్ట పోయాక బీడు ఎలా ఉందో చూడాలనిపించింది.

అభయారణ్యం అనగానే కళ్లు చెట్లను వెతుకుతాయి. ఇక్కడ కనుచూపు మేర ఎండిన గడ్డే, దూరంగా కృష్ణజింకల గుంపు. చుట్టూ కాలువ నీళ్లొచ్చిన పొలాలు. ఒకప్పుడు అవి మెట్ట చేలు. పిట్ట వాటిలోనూ తిరిగేది.

అంచున గొర్రెలు మేపుతున్న పెద్దాయన్ను పలకరించాను. గొంగడి భుజాన వేసుకుని, నేనేమీ అడక్కముందే ఆయనే మాట మొదలుపెట్టాడు. "గడ్డి ముదిరితే జీవం మూతి పెట్టదు సార్. మేసిన తావున వానకు మళ్లా లేతగా లేస్తాది."

ఆ మాట నన్ను వదల్లేదు. మగ బట్టమేక పొట్టి గడ్డిలో, నలుగురికీ కనబడేలా గొంతు సంచి ఉబ్బించి ఆడుతుంది. ఆడది వానాకాలంలో నేల మీదే, సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. ఆ రోజుల్లో మంద లోపలికి వస్తే గుడ్డు కాళ్ల కింద పడుతుంది. అందుకని ఏడాది పొడవునా మేపు ఆపాలా? పొదిగే కాలం దాటాక, లెక్క పెట్టుకుని, కొన్ని చోట్ల మేపనివ్వాలని నా అభిప్రాయం.

సర్కారు తుమ్మ సంగతి వేరు. కాయలు తిన్న జీవాల పేడతోనే దాని గింజలు పాకుతాయి. అది కమ్ముకుంటే కింద గడ్డి పోతుంది, గొర్రెకూ జింకకూ మేత ఉండదు. దాన్ని మొక్కగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకేయాలి. గడ్డినేలను బంజరని రాసి చెట్లు నాటే అలవాటు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పొద్దు వాలుతుండగా పిల్లిగద్దలు రాసాగాయి. మధ్య ఆసియా నుంచి చలికాలం గడపడానికి వచ్చేవి. పగలంతా మిడతల్ని వేటాడి, రాత్రికి నేల మీదే పడుకుంటాయి. ఒక్కొక్కటే గాలిలో తేలి చుట్టూ తిరిగి, దిగింది ఎక్కడనుకున్నారు? గొర్రె మూతి పెట్టదన్న ఆ ముదురు గడ్డిలోకే. పెద్దాయన మందను అదిలించి ఊరి దారి పట్టాడు. చీకటి పడేదాకా నేను అక్కడే నిలబడి వాటిని లెక్కపెట్టాను.