పిల్లలకు ప్యూబ్లో కుండలను పరిచయం చేయడం

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రపు ఆదివాసులైన ప్యూబ్లో ప్రజల మట్టిపాత్రలను పిల్లలకు చూపించాలనుకునేవారు, మ్యూజియంలో అద్దాల వెనుక నిలిపిన కుండతో కంటే దానిని చేసిన కుటుంబంతో మొదలుపెడితే మంచిదని నా గట్టి అభిప్రాయం.

నేనైతే ముందుగా కొచిటి అనే ప్యూబ్లో గ్రామానికి చెందిన మట్టి కళాకారిణి హెలెన్ కోర్డెరో గురించి చెబుతాను. కథలు చెప్పే తన తాత శాంటియాగో కింటానాను తలచుకొని ఆమె 1964లో ఒక మట్టిబొమ్మ చేశారు. ఆ బొమ్మలో తాత ఒంటిమీద ఐదుగురు పిల్లలు ఎక్కి కూర్చుని ఉంటారు. తాత నోరు తెరుచుకునే ఉంటుంది, కళ్లు మాత్రం మూసుకొని ఉంటాయి. ఎందుకని పిల్లలు తప్పక అడుగుతారు. ఆయన ఆలోచిస్తున్నాడని కోర్డెరో చెప్పేవారు.

శాన్ ఇల్డెఫోన్సో అనే మరో ప్యూబ్లో గ్రామానికి చెందిన మరియా మార్టినెజ్ కుండలను చూపేటప్పుడు వాటి అడుగుభాగాన్ని కూడా చూపించాలి. కుండను ఆమె మలిస్తే, భర్త జూలియన్ దానిపై చిత్రాలు గీసేవారు. అందువల్ల ఇద్దరి పేర్లూ అక్కడ కనిపిస్తాయి. 1943లో ఆయన మరణించాక ఆ చోట కోడలు శాంటానా పేరు, తరువాతి కాలంలో కుమారుడు పోపోవి పేరు చేరాయి. ఒక కుటుంబ చరిత్రను ఇంత సూటిగా చెప్పే ఆధారం పిల్లలకు మరెక్కడ దొరుకుతుంది?

పని జరిగే తీరును కూడా వివరించాలి. మన కుమ్మరి సారె వంటిది ఇక్కడ లేదు. అగ్నిపర్వత బూడిద కలిపిన మట్టిని తాడులా పేని, చుట్టమీద చుట్ట పేర్చి, చేతితో అదిమి గోడలు లేపుతారు. ఆరిన తరువాత పల్చని మట్టిపూత పూసి, నునుపైన రాయితో గంటల తరబడి రుద్దుతారు. అటువంటి రాళ్లు తల్లి నుంచి కూతురికి వారసత్వంగా వస్తాయి. కాల్చేటప్పుడు మంటమీద పొడిచేసిన పేడ కప్పి గాలి ఆడకుండా చేస్తే, ఎర్రమట్టి నల్లని మెరుపుతో బయటికి వస్తుంది.

ఇంట్లో పిల్లలచేత ఈ చుట్టల పద్ధతిలో చిన్న గిన్నె చేయించవచ్చు. అయితే ప్యూబ్లో కుటుంబాలు తరతరాలుగా గీస్తున్న నీటిసర్పం వంటి చిత్రాలను వారిచేత అనుకరింపజేయడం నాకు సమ్మతం కాదు. గిన్నెమీద ఏమి గీయాలో తమ ఇంటి ముచ్చట్లలోంచే వారు ఎంచుకోవాలి, గీసిన ప్రతి ఒక్కరి పేరూ అడుగున రాయాలి.