టికెట్ కిటికీ వెనుక మనిషి

ఇంగ్లాండులో రైలు సంస్థలు 2023 జూలైలో స్టేషన్లలోని టికెట్ కౌంటర్లను చాలావరకు మూసివేయాలని ప్రతిపాదించినప్పుడు, వాటిలో అమ్ముడయ్యే టికెట్లు మొత్తంలో సుమారు 12 శాతానికి పడిపోయాయని కారణం చూపాయి. లెక్క తప్పు కాదు గానీ, టికెట్ కొనకుండా దారి మాత్రమే అడిగి వెళ్లినవారు అందులోకి రారు. టికెట్ యంత్రం ముందు నిలబడ్డ ఒక వృద్ధురాలిని ఊహించండి: తెర మీద ఎండ పడి అక్షరాలు కనబడవు, వేలు ఆనించేలోపే గడువు ముగిసి మొదటి పేజీ తిరిగి వస్తుంది, వెనుక వరుసలో ఎవరో నిట్టూరుస్తారు. "పావుగంట ఆగితే తక్కువ ధరకే వెళ్లవచ్చు" అని ఆ యంత్రం తనంతట తాను చెప్పదు. చెప్పేలా చేయవచ్చు, అది వేరే సంగతి.

ఆ ప్రతిపాదనపై సుమారు 7.5 లక్షల స్పందనలు రాగా, అక్టోబరు 31న ప్రభుత్వం దానిని ఉపసంహరించుకోమని కోరింది. సిబ్బందిని అద్దం వెనుక నుంచి ప్లాట్‌ఫారం మీదికి తేవాలన్న ఆ సంస్థల ఆలోచనను నేను పూర్తిగా తోసిపుచ్చను. అయితే చూపులేని ప్రయాణికుడికి కౌంటరు కదలని చిరునామా. అటూ ఇటూ తిరిగే ఉద్యోగిని అతడు ఎక్కడని వెతకాలి?