కాంపర్ వ్యాన్‌కు కొత్త సీటు కవర్లు వేసిన అనుభవం

లోపలే పడుకుంటూ ప్రయాణాలు చేయడానికి వీలుండే మా 1973 నాటి ఫోక్స్‌వ్యాగన్ కాంపర్ వ్యాన్‌లో డ్రైవరు సీటు కుడి అంచు చిరిగి చాలా కాలమైంది. మేముండే ఇంగ్లండులో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కనుక ఎక్కి దిగే ప్రతిసారీ ఒంటి బరువంతా ఆ అంచు మీదుగానే జారుతుంది. అందుకే ఎడమవైపు సీటు రెక్సిన్ ఇంకా నిగనిగలాడుతున్నా, ఇటువైపు కుట్టు విడిపోయి, లోపలి పీచు బయటికి వచ్చి, కూర్చున్నవాళ్ళ బట్టలకు అంటుకునేది. ఐదేళ్ళు దానిమీద దుప్పటి కప్పి నెట్టుకొచ్చిన తరువాత, కిందటి అక్టోబరులో ముందు సీట్లు రెంటికీ, వెనక పడుకునే బెంచీకీ కొత్త కవర్లు వేయడానికి పూనుకున్నాను.

ముందు అద్దం ఒకే పలకగా ఉండే ఈ రెండో తరం వ్యాన్లు 1967లో మొదలై జర్మనీలో 1979 వరకు తయారయ్యాయి. ఆ మధ్యకాలంలో సీట్ల ఆకారం మారింది కనుక, వ్యాన్ ఏ సంవత్సరానిదో చూసుకోవడంతో ఆగకుండా, సీటు వెడల్పు, వీపు ఆనే భాగం ఎత్తు టేపుతో కొలిచి, ఆ కొలతలు పంపిన తరువాతనే కవర్లు తెప్పించుకున్నాను.

సీటు కింది మీట ఎత్తి, పట్టాల మీదుగా ముందుకు లాగితే సీటు బయటికి వచ్చింది. పాత కవరు అంచు కింది చట్రానికి ఉన్న కొక్కేల్లాంటి ఇనుప పళ్ళకు తగిలించి ఉంటుంది. యాభై ఏళ్ళ తుప్పు పట్టిన ఆ పళ్ళను ఒక్కసారి ఎక్కువగా వంచితే విరిగిపోతాయి కాబట్టి, చదును మొన ఉన్న స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కదాన్నీ కవరు జారిపోయేంత మేరకు మాత్రమే లేపుతూ వచ్చాను. ఈ ఒక్క పనికే ఒక పూట పట్టింది.

కవరు తీయగానే లోపలి మెత్త కనిపించింది. రబ్బరు పాలు పట్టించి అదిమిన కొబ్బరి పీచు అది. అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, కాలువలో నానబెట్టి తీసిన కొబ్బరి డొక్కల పీచు గుట్టల మధ్య ఆడుకున్నవాణ్ణి నేను. జర్మనీలో తయారైన బండి సీటులో అదే గోధుమరంగు పీచును చేత్తో తాకినప్పుడు కాసేపు పని ఆపి అలాగే కూర్చుండిపోయాను. అయితే డ్రైవరు సీటు మెత్త కుడివైపు పొడి పొడిగా రాలిపోతూ ఉండడంతో దానికి బదులు కొత్త పీచు మెత్తే తెప్పించాను. ఫోమ్ ముక్క చౌకగా వస్తుంది గాని, పీచుకున్నట్టు గాలి ఆడే గుణం దానికి లేదు. దూరప్రయాణంలో ఆ తేడా వీపుకు తెలుస్తుంది. స్ప్రింగుల తుప్పును ఎమరీ పేపరుతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, రెండు రోజులు ఆరనిచ్చి, స్ప్రింగుల కొసలు మెత్తను కొరికేయకుండా మధ్యలో కొత్త గోనెపట్ట పరిచాను.

అసలు కష్టం కవరు తొడగడంలో ఎదురైంది. మొదటిసారి సాయంత్రం చలిలో, గ్యారేజీలో, ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ లాక్కుంటూ పోయాను. చల్లటి రెక్సిన్ సాగదు. ముందు అంచు పైపింగ్, అంటే కుట్టు వెంట ఉబ్బెత్తుగా ఉండే సన్నటి పట్టీ, వంకరపోయింది, వెనక మూల కుట్టు రెండంగుళాలు తెగింది. బలంగా లాగబోతుంటే నా భార్య చేయి పట్టుకుని, "ఆగండి, ఇంకా లాగితే మొత్తం పోతుంది. రేపు ఇంట్లో చేద్దాం" అంది. ఆ రాత్రి ఆమె వంపు సూదితో, మైనం పట్టించిన దారంతో ఆ మూల తిరిగి కుట్టింది.

మరునాడు కవర్లను రెండు గంటలు హీటరు పక్కన పరిచి ఉంచాము. మెత్తకూ కవరుకూ ముందు, వెనక సరిగ్గా మధ్యలో సుద్దముక్కతో గీతలు పెట్టి, మెత్త మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పడంతో రెక్సిన్ పీచుకు పట్టేయకుండా సులువుగా జారింది. మొదట ముందు మధ్య, తరువాత వెనక మధ్య, ఆ పైన పక్కలు, అన్నిటికన్నా చివర మూలలు తగిలించాము. మూలల దగ్గర ఆమె హెయిర్ డ్రయ్యరును జానెడు దూరంలో పట్టుకుని వేడి చేస్తుంటే, నేను అరచేత్తో మడతలను కిందికి తోస్తూ పళ్ళకు గుచ్చాను. వీపు ఆనే భాగానికి దిండు గలేబులా పైనుంచి తొడగడమే కాబట్టి అది అరగంటలో పూర్తయింది.

వెనక బెంచీకి చెక్క పలక, ఫోమ్ మాత్రమే కనుక కవరు బిగించి లాగి స్టేపుల్స్ కొట్టడంతో సరిపోయింది. రాత్రి వ్యాన్‌లో పడుకుంటే లోపల చెమ్మ పడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు స్టేపుల్స్ వాడాను.

సీట్లు పట్టాలకు ఎక్కించాక మీట తన గాడిలో పడిందో లేదో ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపి చూసి, ఆ తరువాతే బండి కదిలించాను. మూలల్లో మిగిలిన సన్నటి ముడతలు ఈ జూన్‌లో ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్ వెళ్ళి వచ్చేసరికి ఎండకు సర్దుకున్నాయి. ఎడమ సీటు పైపింగ్ మాత్రం ఇంకా అరంగుళం పక్కకు ఉంది. చలి మొదలయ్యేలోగా ఆ వైపు విప్పి, మధ్య గీత నుంచి మళ్ళీ తొడుగుతాను.